డబుల్ సవారీ చీటీలో నా కొడుకు పేరు

బెంగళూరు సిటీ, నగర్తపేట,
1944వ సంవత్సరం ఆగస్టు 19, శనివారం.

మేజిస్ట్రేటు దొరవారి సముఖమునకు నగర్తపేట పట్టునేత పనివాడు ఓబళప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఈ నెల తొమ్మిదవ తేదీన ఒకే సైకిలుపై ఇద్దరు పోయిన నేరమునకు జయరామప్ప పేరిట ఇచ్చిన చీటీ గురించి, ఆ సైకిలు తొక్కినది జయరామప్ప కాదనియు, అతని తండ్రినైన నేననియు, సోమవారం కోర్టుకు వచ్చి వాదించుకొనవలెనో, తప్పు ఒప్పుకొని జుల్మానా కట్టవలెనో తెలియక చేసుకొన్న మనవి.

తమరు హిందూపురం వైపు వారని, తెలుగు చక్కగా చదువుతారని విన్నందున తెలుగులోనే వ్రాసుకొంటున్నాను. కోర్టు ముందు కూర్చుండి అర్జీలు వ్రాసేవారి వద్దకు రెండుసార్లు పోయి తిరిగి వచ్చినాను. వారు వ్రాసిన ప్రతి మాటనూ గట్టిగా చదివి వినిపిస్తారు. పక్కనే పోలీసువారు నిలబడి ఉంటారు. నా చేతివ్రాత ముందే అంతంత మాత్రం, భయంతో వ్రాసినందున ఇంకా పాడైనది. మన్నించవలెను.

1. మొదట నేర విషయం. నా భార్య నంజమ్మ మగ్గం గుంట ఊడ్చేటప్పుడు కాలిలో చీల గుచ్చుకొని, పాదం చెప్పు పట్టనంతగా వాచినది. పెద్దాసుపత్రికి తీసుకొనిపోవుటకు జట్కా దొరకలేదు. ఆమెను సైకిలు వెనుక క్యారియరుపై కూర్చుండబెట్టి, నేను హ్యాండిలు పట్టుకొని నడిపించుకొని పోయినాను. నడిచినాను గాని తొక్కలేదు. పల్లం వచ్చినచోట సైకిలు నన్ను లాగుకొని పోసాగినందున ఒక కాలు పెడలుపై పెట్టినాను. రెండవ కాలు నేలపైనే ఉన్నదని, కావున అది సవారీ కిందికి రాదని వాదించవచ్చునని కొందరు చెప్పినారు. నిజం చెప్పవలెనంటే, తరువాత రెండవ కాలు కూడా ఎత్తినాను. గాలి చల్లగా ఉన్నది. నంజమ్మ "మెల్లంగా పో, ఇద్దరం పడేము" అని నవ్వినది. కాలు వాచిన మూడు దినాలలో ఆమె నవ్వుట అదే మొదలు. మూల తిరగగానే పోలీసు జవాను చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

2. జవాను "హెసరేను?" అని కన్నడంలో నా పేరు అడిగినాడు. నాకు కన్నడం రాక కాదు, పుట్టి పెరిగినది ఈ ఊరిలోనే. నోరు పెగలలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడినాను. రెండవసారి గద్దించినాడు. మూడవసారి నా భార్యవైపు తిరిగి, "నీనాదరూ హేళమ్మా, నిన్న గండన హెసరేను?" అని నీ మొగుని పేరు నీవైనా చెప్పమన్నాడు. మాలో ఆడవారు పెనిమిటి పేరు నోట పలుకరు. పలికితే ఆయుష్షు తగ్గునని నమ్మకం. ఇరవై రెండేండ్ల కాపురంలో ఆమె నోట నా పేరు నేను వినలేదు. రేషను కార్డు వ్రాసే గుమస్తా అడిగినప్పుడు పక్కింటివారిని పిలిచి చెప్పించినది. అందుచేత ఎప్పటివలెనే "జయరామప్ప వాళ్ళ నాయన" అన్నది. వెనుక సోల్జర్ల లారీలు వరుసగా నిలిచి హారన్లు కొట్టుచున్నవి. జవాను తొందరలో "జయరామప్ప" అని వ్రాసి, చీటీ చింపి నా చేతిలో పెట్టినాడు. జయరామప్ప మా పెద్దకొడుకు. ఆ వేళ వాడు ఇంట్లో మగ్గానికి అచ్చు అతుకుతూ, పాత పడుగు పోగులకు కొత్త పోగులు ముడివేయుచున్నాడు.

3. జవాను తన వద్ద ఉంచుకొనే సగం చీటీలో సంతకం చేయమన్నాడు. ఆ కంగారులో తెలుగులో నా పేరే చేసినాను. పైన జయరామప్ప, కింద ఓబళప్ప. ఇది దొంగ సంతకం కింద వచ్చునో రాదో నాకు పదిదినాలుగా తెగలేదు.

4. నోరు ఎందుకు పెగలలేదని తమరు అడుగవచ్చును. రెండేండ్ల కిందట, క్విట్ ఇండియా గలాటాలు జరిగిన నెలలో, మా సందులో రంగుల అద్దకం చేసే బైరప్ప అంగడి తలుపు వేయుటకు బయటికి వచ్చినాడు. పోలీసువారు పేరేమని అడిగినారు. చెప్పినాడు. వ్రాసుకొని తీసుకొనిపోయినారు. ఐదు నెలలకు తిరిగి వచ్చినాడు. ఈనాటికీ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, తింటున్న అన్నం వదలి లేచి నిలబడతాడు. నాకు జుల్మానా అంటే భయం లేదు. పేరు వ్రాసుకొనుట అంటే భయం.

నంజమ్మ చెప్పినందున పొరపాటు జరిగినదని పైన వ్రాసినాను. అది సగం మాటే. జవాను కొడుకు పేరు పైకి అంటూ వ్రాసుకొనుచుండగా నేను విన్నాను. కాదు స్వామీ అనలేదు. నా పేరు కాదు గదా అని ఆ క్షణం నా గుండె కుదుటపడినది. ఇది నేను ఇంట్లో కూడా చెప్పలేదు.

5. జయరామప్ప ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైనాడు. మా వంశంలో మగ్గం గుంటలో గాక కుర్చీలో కూర్చొని పని చేయబోయే మొదటివాడు వాడే. తపాలా కచేరీలో గుమస్తా పనికి ఎంపికైనాడు. నెలాఖరులోగా ఒక ఫారం నింపి పంపవలెను. అందులో తొమ్మిదవ ప్రశ్న, ఏ కోర్టులోనైనా శిక్ష పడినదా అని. పడినవారికి పని ఇవ్వరట.

6. సలహా చెప్పేవారికి కొదవ లేదు. పక్క మగ్గం గంగప్ప, "కట్టేసి రాప్పా. సుమ్నే ఎందుకు తల చెడుపుకుంటావు? సైకిలు కేసుకి ఎవురన్నా ఉరేస్తారా?" అన్నాడు. కట్టితే జయరామప్ప నేరం ఒప్పుకొన్నట్లే గదా.

ప్లీడరు దగ్గర పనిచేసే వెంకటరమణ, "కట్టద్దు. కోర్టులో నిలబడి నేను జయరామప్ప కాదని చెప్పు. కేసు ఎగిరిపోతాది" అన్నాడు. మరి ఆ దినం జవానుకు ఎందుకు చెప్పలేదని అడిగితేనో అన్నాను. "అది ఇంకో కేసులేప్పా" అన్నాడు. ఎంత తేలికగా అన్నాడో తమరు వినవలసినది.

రెండూ వద్దని ఊరుకొంటే వారంటు వచ్చును, అదీ వాడి పేరిటనే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

నంజమ్మ మాత్రం నన్నే తిట్టినది. "నేనేమి అబద్ధం చెప్పినా? జయరామప్ప వాళ్ళ నాయన అంటి. ఆయప్ప సగమే రాసుకున్నాడు. మిగతా సగం చెప్పేదానికి నీ నోటికేమి వచ్చింది?" అన్నది.

7. కొడుకుకు ఈ సంగతి తెలియనీయలేదు. చీటీ పంచాంగంలో దాచినాను. అన్నం సహించుట లేదు. సందులో బూట్ల చప్పుడైతే మగ్గం ఆపి వింటున్నాను. నిన్న చీర అంచులో తప్పు పడినది. ఇరవై ఏండ్లలో అట్లు జరుగలేదు.

కావున తమరు దయదలచి, చీటీలో జయరామప్ప పేరు కొట్టివేసి నా పేరు వ్రాయవలెను. పెడలు సంగతి నేను వాదించను, రెండు కాళ్ళూ నావే. పేరు దాచినందుకు వేరే శిక్ష ఉంటే అదియు నాకే వేయవలెను. ఒక్కటే ప్రార్థన, నన్ను కోర్టుకు పిలిపించక ఈ కాగితం చూచియే తీర్పు చేయవలెను. అందరి ముందు నా పేరు పిలిస్తే నేను నిలబడలేను.

పేదవాని మాట తోసివేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు, పిరికివాడు,
ఓబళప్ప

మళ్ళీ వ్రాసినది:

పైది మడిచి జేబులో పెట్టుకొనే వేళకు జయరామప్ప ఇంటికి వచ్చినాడు. పంచాంగంలోని చీటీ వాడు నాలుగు దినాల కిందటే చూచినాడట. ఈ ఉదయం తమ కచేరీకి వచ్చి, జయరామప్ప ఎవరంటే నేనే అని, సైకిలు తొక్కితివా అంటే తొక్కినాను అని, జుల్మానా కట్టి రసీదు తెచ్చినాడు.

ఏం పని చేస్తివిరా అన్నాను. "నువ్వు సరిగ్గా కూడు తిని పదిదినాలాయ నాయనా. పోతే ఒక ఉద్యోగం పోతాది. మగ్గం ఉండాది కదా" అన్నాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, గుంటలో దిగి కూర్చున్నాడు. నేను చూడలేక బయటికి వచ్చినాను.

అయ్యా, పైన చేసుకొన్న ప్రార్థన వెనుకకు తీసుకొంటున్నాను. కాగితంపై తీర్పు నాకు వద్దు. వాడు తమ కచేరీలో ఆడినది అబద్ధమే. అది నేను నోరు తెరవనందున పుట్టిన అబద్ధం, దానికి వాడిని శిక్షింపరాదు.

ఈ అర్జీ టపాలో వేయలేదు. తమ కచేరీ వరండాలో నిలబడి, కాగితం గోడకు ఆనించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఇద్దరు జవానులు నన్నే చూస్తున్నారు. బంట్రోతును పంపి, ఓబళప్ప అని గట్టిగా పిలిపించండి. పలుకుతాను.