కోట మెట్ల కింద

దోహా,
అల్ మన్సూరా.

ఆపాకు,

నీ చెల్లెలు రజియా సలాం. నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోవద్దు. అబ్బా మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మీ బీపీ మాత్ర రోజూ వేసుకుంటోందా, లేక బాగానే ఉందిలే అని మానేసిందా? దుల్హాభాయ్, పిల్లలు అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నీకు అనిపిస్తుంది. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, ఇల్లంతా వింటుంది. ఇవి అమ్మీ వినవలసిన మాటలు కావు. నాతో గదిలో ఉండే విజయ ఈ వారం సెలవు మీద కాకినాడ వెళుతోంది. హైదరాబాద్‌లో దిగగానే పోస్టు చేస్తానంది. ముందు నువ్వొక్కదానివే చదువు. అమ్మీకి నీకు తోచినంత చెప్పు.

నేను పనిచేసే ఇంటివాళ్ళతో ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు మీకు ఫోటోలు పంపాను కదా. కోట ఫోటో తర్వాత ఒక్కటి కూడా రాలేదేమని నువ్వు అడిగావు. నెట్ లేదన్నాను. నెట్ ఉంది ఆపా. పంపే స్థితిలో నేను లేను.

నేను చూసుకునే పెద్దావిడ సంగతి నీకు తెలిసిందే. పనివాళ్ళందరం ఆమెను మామా అని, అంటే అమ్మా అని పిలిచేవాళ్ళం. గుండె బలహీనం, నడవలేదు, చక్రాల కుర్చీలోనే ఉండేది. ఆమె కొడుకును మేం బాబా అంటాం. రాస్ లఫాన్‌లో గ్యాస్ కంపెనీలో పెద్ద అధికారి. కూతురు పేరు నూరా, పక్కిల్లే. ఏటా ఎండలు ముదరగానే వాళ్ళు మామాను ఇంట్లోనే ఉంచి చల్లని దేశానికి వెళతారు. ఈసారి బాబా అల్సాస్ అనే చోట ఇల్లు తీసుకున్నాడు. వయసులో ఉండగా ట్రైనింగ్ కోసం ఆయన అక్కడ కొన్నాళ్ళు ఉన్నాడట. ఇసుక, సముద్రం తప్ప చూడని తల్లికి ఆ పచ్చని కొండలు చూపించాలని ఆయన చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాడు. డాక్టరు కూడా వెళ్ళిరావచ్చు అన్నాడు. బాబా, నూరా, వాళ్ళ పిల్లలు బయలుదేరారు, నేను నర్సుగా వెంట వెళ్ళాను.

వాళ్ళు మాట్లాడిన మాటలు అరబ్బీలోవే అయినా నాకు మన మాటల్లోనే గుర్తున్నాయి. అలాగే రాస్తున్నాను.

ఆ చోటు అందమైనదే, అందులో అబద్ధం లేదు. చిన్న చిన్న ఊళ్ళు. ఇళ్ళ గోడల్లో చెక్క దూలాలు బయటికే కనిపిస్తాయి, మధ్యలో పసుపు, నీలం, గులాబీ రంగులు పూస్తారు. ఒక ఊళ్ళో వీధులన్నీ గుండ్రంగా తిరిగి మనల్ని బయలుదేరిన చోటికే తెస్తాయి. చర్చి గోపురం మీద బండిచక్రమంత గూడు కట్టుకుని పెద్ద తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. మామా వాటిని చూసి నవ్వి, "ఇంత పెద్ద ఇల్లు కట్టుకొని కూసునే తెలివి లేదు దీనికి," అంది. కోల్మార్ అనే పట్నంలో ఇళ్ళ మధ్య నుంచే కాలువ పారుతుంది, అందులో పడవ ఎక్కిస్తారు. ఆమెను ఎత్తి పడవలో కూర్చోబెట్టడానికి బాబా, పడవవాడు ఇద్దరూ పట్టారు. దారులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి. కుర్చీ తోస్తుంటే ఆమె ఒళ్ళు కుదిలిపోయేది. నడుము వెనక దిండు పెట్టి మెల్లగా తోసేదాన్ని.

ఊరు దాటితే ఎటు చూసినా ద్రాక్షతోటలే. ఆ ద్రాక్ష అంతా వైన్ చేయడానికే. చూడడానికి వచ్చేవాళ్ళలో సగం మంది అందుకే వస్తారు. ప్రతి వీధిలోనూ నేలమాళిగలు, ఇంటింత పీపాలు, రుచి చూసి వెళ్ళమని పిలిచే దుకాణాలు. మేము అటు చూడకుండా దాటిపోయేవాళ్ళం. బాబా తల్లికి ఆ సంగతి చెప్పలేదు, ద్రాక్షతోటలని మాత్రం అన్నాడు.

"మాషా అల్లా, ఎంత ద్రాక్ష. ఇవి దోహాకు పంపుతరా?" అని మామా అడిగింది.

బాబా ఆమెకు దూరంగా కొండలు చూపించాడు. ఇంకోరోజు ఒక నేలమాళిగ తలుపు తెరిచి ఉంటే లోపలి నుంచి ఘాటు వాసన వచ్చింది. "ఇదేం వాసన రజియా?" అంది.

"సిర్కా మామా," అని వెనిగర్ మీదికి నెట్టేశాను.

"సిర్కా మంచిదే. కడుపు శుభ్రమైతది," అంది. నూరా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాపుకుంది. అంతవరకు బాగానే గడిచింది ఆపా. ఆ నవ్వులే ఇప్పుడు తలచుకోవాలంటే కష్టంగా ఉంది.

నూరాకు బొమ్మలంటే ఇష్టం. కోల్మార్‌లోనే ఒక మ్యూజియానికి మమ్మల్ని తీసుకెళ్ళింది. అక్కడ చాలా పాత చిత్రాలున్నాయి. అవి ఒకప్పుడు ఒక ఆసుపత్రి కోసం వేయించినవట. ఒళ్ళంతా పుండ్లు పడే రోగం వచ్చినవాళ్ళను వాటి ముందుకు తీసుకొచ్చి కూర్చోబెట్టేవారని, శిలువ మీది మనిషిని చూసి, తమ బాధ తెలిసినవాడు ఒకడున్నాడని ధైర్యం తెచ్చుకునేవారని నూరా చదివి చెప్పింది. ఒక చిత్రం మూలన పొట్ట ఉబ్బి పడి ఉన్న రోగి ఉన్నాడు. మామా వాణ్ణి చాలాసేపు చూసి నాతో మెల్లగా అంది: "వీనికి నీళ్ళు పట్టినయి. నా కాళ్ళు గిట్లనే ఉన్నయి."

చలి అని చెప్పి ఆమె మేజోళ్ళు తీయనివ్వడం లేదు. ఇంటికి రాగానే మాట వినకుండా తీసేశాను. చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. పడుకుంటే ఊపిరాడడం లేదని, దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోందని అప్పుడు ఒప్పుకుంది. "బాబాకు చెప్పకు. పిల్లలు ఏడాదంతా ఎదురుచూసిండ్రు," అంది.

నేను చెప్పాను. బాబా పెరట్లో ఉన్నాడు. కాళ్ళు చూశానని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలని చెప్పాను. ఆయన దోహా డాక్టరుకు ఫోన్ చేశాడు. ఒంట్లో నీరు తీసే మాత్ర పెంచమని, త్వరగా ఎక్కడైనా చూపించమని డాక్టరు చెప్పాడు.

"రేపు కోటకు పోదామని పిల్లలకు మాట ఇచ్చిన. ఎల్లుండి పొద్దుగాల స్ట్రాస్‌బర్గ్ పెద్దాసుపత్రికి తీస్కపోదాం," అన్నాడు బాబా.

"రేపే పోదాం బాబా. కోట ఎక్కడికీ పోదు."

"నేను విన్న రజియా. మాత్ర ఇయ్యి."

లోపలి నుంచి మామా గట్టిగా అరిచింది: "ఖలాస్, ఇగ చాలు. నాకేం కాలే. పిల్లల్ని ఏడిపియ్యకుండ్రి." నూరా వంటింటి గుమ్మంలో నిలబడి అన్నీ వింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కోట కొండమీద ఉంటుంది, ఎర్రరాతిది, సినిమాల్లో చూపించేలాంటిది. లోపలంతా మెట్లే. కుర్చీ పైకి పోదని వాకిట్లోనే చెప్పారు. వాళ్ళంతా పైకి వెళ్ళారు. నేనూ మామా మెట్ల కింద గోడ పక్కన ఉండిపోయాం. అక్కడి నుంచి కింద మైదానమంతా కనబడుతుంది. ద్రాక్ష వరసలు దువ్వెనతో దువ్వినట్టున్నాయి. దూరంగా కనిపించేది జర్మనీ అని ఎవరో అంటున్నారు.

మామా కొడుకు వెళ్ళిన మెట్ల వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత అంది: "వాడు చిన్నగున్నప్పుడు నేను దగ్గితే మంచం కిందికి పోయి దాక్కునేటోడు. వానికి చెప్పొద్దంటే చెప్తివి."

"చెప్పాలి కద మామా."

"చెప్పుడు నీ పని. వాడు భయపడ్డడు, గంతే. వాని మీద కోపం పెట్టుకోకు."

అది అన్న కొంతసేపటికి దగ్గు మొదలైంది. నురగ వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. నేను ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, గొంతు దగ్గర గుడ్డ వదులు చేసి, సాయం కోసం కేకలు వేశాను. టిక్కెట్లిచ్చే ఆమె ఫోన్ చేసింది. ఎర్రరంగు అంబులెన్సు వచ్చింది. వాళ్ళు ఆక్సిజన్ పెడుతుండగా బాబా మెట్లమీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. పిల్లల చేతుల్లో ఐస్‌క్రీములున్నాయి.

కోల్మార్ ఆసుపత్రిలో మరునాడు మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు మామా కన్నుమూసింది.

ఆమెకు గుసుల్, ఆ చివరి స్నానం, చేయించడానికి ఆ ఊరి మసీదు నుంచి ఒక మొరాకో ఆవిడ వచ్చింది. నూరా నన్ను పిలిచి, "నువ్వు కూడా రా రజియా, మా అమ్మ ఒళ్ళు నీకు తెలిసినట్టు నాకు తెలువది," అంది. ముగ్గురం కలిసి చేశాం. నేను రోజూ స్నానం చేయించిన ఒళ్ళే. కుడివైపు నుంచి మొదలుపెట్టి గోరువెచ్చని నీళ్ళు పోశాం. జుట్టు మూడు పాయలుగా అల్లి వెనక్కి వేశాం. వేళ్ళ కొసలకు గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది, ప్రయాణానికి ముందు నేనే పెట్టాను. నేను ఏడవలేదు ఆపా. పనిలో ఉన్నాను కాబట్టి ఏడుపు రాలేదు. తర్వాత ఆసుపత్రి బాత్రూంలో చాలాసేపు కూర్చున్నాను.

దోహాకు తీసుకొచ్చి ఖననం చేశారు. ఇంట్లో మూడు రోజులు పరామర్శకు జనం వచ్చారు. నేను ఆడవాళ్ళ గదిలో ఖావా కాఫీ పోస్తున్నాను. మామా చెల్లెలు ఒకావిడ నా చేతిలోంచి కప్పు తీసుకోకుండా, అందరికీ వినబడేలా అంది: "వెంట నర్సున్నది కద. నర్సుండి ఏం చేసింది? నిద్రపోయిందా?"

ఆడవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. తలుపు అవతల బాబా ఉన్నాడు, ఆయన గొంతు అంతకుముందే వినిపించింది. ఇప్పుడు ఆ గొంతు ఆగిపోయింది. ఆయన చెబుతాడని ఎదురుచూశాను. ఏమీ వినబడలేదు. నేనేం చెప్పగలను, నేను పనిమనిషిని.

అప్పుడు నూరా లేచింది. "ఖాలా, రజియా చెప్పింది. ఆసుపత్రికి పోవాలని ముందురోజే చెప్పింది. మేమే వినలే. నేను కూడ విన్న, నోరు తెరవలే," అంది. నా చేతిలోంచి కప్పు తీసుకుని తానే ఆవిడకు ఇచ్చింది.

దాంతో నా మీది మాట పోయింది, కానీ ఇల్లు చీలిపోయింది. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. నేను ఎదురుపడితే బాబా తల దించుకుని పక్కకు వెళ్ళేవాడు. ఖాళీ గదిలో మామా మంచం పక్కన నా మంచం. చేయడానికి పనిలేదు. పనిలేని ఇంట్లో అన్నం గొంతు దిగదు.

కొన్నాళ్ళకు సాయంత్రం అసర్ నమాజు తర్వాత బాబా నన్ను మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ గది వాకిట్లోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"మేము పైకి పోయినంక అమ్మ ఏమన్నది?" అని అడిగాడు.

ఆ మాటలు చెబితే ఆయన్ను ఇంకా బాధపెట్టినట్టవుతుందేమో అనిపించింది. అయినా అవి ఆయనవే కదా, నా దగ్గర దాచుకోవడానికి నేనెవరిని. అన్నీ చెప్పాను. మంచం కింద దాక్కున్న మాట, భయపడ్డాడన్న మాట, కోపం పెట్టుకోకన్న మాట.

ఆయన వాకిట్లోనే గట్టుమీద కూర్చుండిపోయాడు. "మా నాయన నడుచుకుంట ఆసుపత్రికి పోయిండు, మళ్ళ రాలే," అన్నాడు. "అమ్మను తీస్కపోతే గట్లనే అయితదనుకున్న. ఒక్కరోజన్న ఆమెతోని ఆ కోట చూద్దామనుకున్న." కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "నువ్వు తప్పు చెయ్యలే. కానీ నిన్ను చూస్తే నాకు అదే రోజు కనవడుతది. ఇంకో మంచి ఇల్లు నేనే చూస్త," అన్నాడు.

"సరే బాబా," అన్నాను. నూరా తన ఇంటికి రమ్మంది, తన పిల్లల్ని చూసుకోమంది. వద్దన్నాను. నేనుంటే అన్నాచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకోరు.

అందుకే ఇప్పుడు అల్ మన్సూరాలో విజయ గదిలో ఉన్నాను. ఇక్కడ ఎండలు తగ్గడం మొదలైనా ఉక్క పోలేదు, బయటికి వెళితే కళ్ళద్దాలు మసకబారుతాయి. తిండికి లోటు లేదు. విజయ పప్పుచారు పెడుతుంది, పక్క హోటల్లో రొట్టె తెచ్చుకుంటాం. కానీ మనసు బాగుండదు. గదిలో ఎవరైనా దగ్గితే లేచి కూర్చుంటాను. విజయ చూసి, "ఊరుకోవే, నాకు జలుబు చేసిందంతే. నువ్విలా లేచి కూర్చుంటే నేనేమైపోను?" అంటుంది. మంచి మనిషి, నన్ను ఒంటరిగా వదలదు. ఆమె సెలవులో ఉన్న రోజులు ఎలా గడుస్తాయో తెలియదు.

బాబా మాట నిలబెట్టుకున్నాడు. అల్ ఖోర్‌లో ఒక ఇంట్లో పని కుదిర్చాడు. పక్షవాతం వచ్చి మాట పోయిన ముసలావిడ. వచ్చే ఆదివారం చేరాలి. నా గురించి నిజంగా భయం లేదు ఆపా, నన్ను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, గౌరవంగానే పంపారు. ఇప్పుడే ఇంటికి రమ్మని మాత్రం అడగవద్దు. వస్తే మళ్ళీ వెళ్ళే ధైర్యం ఉండదు.

నాకోసం ఒక పని చెయ్యి. మామా పేరు హెస్సా. నేను ఆమెను ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. వచ్చే శుక్రవారం జుమ్మా నాడు ఆ పేరు చెప్పి ఖురాన్‌లోని యాసీన్ సూరా చదివించు. ఆ తర్వాత బాబా కోసం కూడా దువా చేయించు. మసీదులో ఎవరని అడిగితే, తల్లి పోయిన కొడుకని చెప్పు, అంతే చాలు.

అబ్బాకు, అమ్మీకి, పెద్దలందరికీ నా సలాములు. పిల్లలకు ముద్దులు. మీ అందరి దువా నా తలమీద ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ అందరి మేలు కోరే,
నీ చెల్లెలు రజియా