మూడు అక్షరాలు ఎక్కువ

బంగారుపాళ్యం,
18-6-2025.

చిరంజీవి మోహనకు వరదయ్య పెద్దనాయన ఆశీర్వదించి రాసేది. నా రాత, తప్పులు మన్నించు. బోర్డు మీద బ్రష్షుతో అయితే అక్షరం నిలబడుతుంది, కాగితం మీద వంకర పోతుంది. ఐదో తరగతి చదువు. ఫోనులో చెబుదామంటే నోరు పెగల్లేదు. ఇక్కడ అందరం బాగున్నాం. గూడూరు బడిలో నీవూ బాగుండాలి.

మీ నాయన మామిడిపండ్ల అంగడి బోర్డు సంగతమ్మా. నీవు రాసిచ్చిన ఇంగ్లీషు చీటీలో 'మ్యాంగోస్ గలోర్' అనే ఉంది. నేను 'మ్యాంగోస్ బ్యాంగలోర్' అని రాశాను. గలోర్ ముందర బి, ఏ, ఎన్ అని మూడు అక్షరాలు మరిచిపోయావనుకుని, నీకు మాట రాకూడదని నేనే చేర్చాను.

మన వైపు బెంగుళూరు అంటే జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే పుల్ల కాయ గదా. ఉండేది అదేననుకుని చిత్తూరు, తిరుపతి కార్లు ఆగకుండా పోయాయి. లోపల తియ్యటి ఖాదరు, కాలేపాడు పండ్లు మగ్గి మెత్తబడ్డాయి. "ఇంగ్లీషు టీచరమ్మంట, కాయ పేరు రాసేకి రాదు" అని మీ నాయన దేవరాజులు నిన్ను అందరి ముందర అన్నాడు. నీవు నా వైపు ఒకసారి చూసి ఊరకున్నావు. ఉద్యోగానికి పోయే రోజు మీ నాయన బస్సు దగ్గరికి కూడా రాలేదు.

పోయిన వారం హైస్కూలు ఇంగ్లీషు రఘునాథ్ సారు తన ఇంటి గేటు మీద పేరు రాయించుకోను వస్తే, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. గలోర్ అంటే బోలెడు అన్నాడు. మనం బోలెడు కాయలు అంటాం. ఇది మాత్రం వెనకాల వస్తుందంట, కాయలు బోలెడు అన్నట్టు. సరదా మాటంట. దరఖాస్తుల్లో రాయరంట, అంగడికి సరిపోతుందంట.

మొన్న మీ నాయనకు చెప్పేశాను. తిరగేస్తున్న పండు పక్కన పెట్టి, "ఇన్నాళ్లు నోట్లో ఏం పెట్టుకోనుండావప్పా? బిడ్డను అనరాని మాటలంటి గదా. ఆదివారం కాలేపాడు ఎత్తుకోని నేనే పోతా" అన్నాడు. వస్తే నీవే ముందు పలకరించు. ఆయనకు మొదలుపెట్టడం రాదు.

నిన్న ఆ మూడు అక్షరాలు చెరిపి, ఖాళీ చోట రెండు పండ్ల బొమ్మలు వేశాను. బాగా కుదిరింది. ఈ పొద్దు మధ్యాహ్నానికే నాలుగు కార్లు ఆగాయి.

ఇట్లు,
వరదయ్య పెద్దనాయన.

మళ్లీ రాసేది: పైన ఒక అబద్ధం ఉంది. మీ నాయనకూ అదే చెప్పాను. నీవు మరిచిపోయావని నేను అనుకోలేదమ్మా. ఆ మాట నాకు తెలియలేదు. బోర్డు రాసేటప్పుడు నీవు నాలుగడుగుల దూరంలోనే కూర్చుని పండ్లు తుడుస్తున్నావు. నలభై ఏళ్లుగా బోర్డులు రాసేవాణ్ణి, చిన్నపిల్లను అర్థం అడగడానికి సిగ్గేసి, తెలిసిన మాట రాసేశాను.

ఇప్పుడు ఒక నూడుల్స్ బండి బోర్డు వచ్చింది. చీటీలో 'ఊడుల్స్ ఆఫ్ నూడుల్స్' అని ఉంది. మొదటి మాటకు ముందర ఒక ఎన్ తక్కువైనట్టుంది, చేర్చేకి చెయ్యి దానంతటదే పోతోంది. ఈసారి నిన్నే అడుగుతున్నాను. ఊడుల్స్ అంటే ఏమి? బోర్డుకు తెల్ల రంగు వేసి కూర్చున్నాను, తొందరగా జాబు రాయి.