దీపస్తంభం తాతతో బేరం

పెదజాలరిపేట,
సోమవారం.

గోపి బాబుకి, చేపల పాపాయమ్మ దీవించి రాయునది.

నేను క్షేమం. మీ ఆట మాత్రం క్షేమంగా లేదు.

మీ ఆఫీసు హిమబిందు నా దగ్గర చేపలు కొంటుంది. మధ్యాహ్నం పూట ఊసుపోక కూర్చుంటానని నా ఫోనులో మీ కొత్త ఆట పెట్టింది. కాల్చుకోడాలూ పరుగులూ ఉండవు అత్తా, అంతా కథే, బాగుందో లేదో చెప్పు చాలు అంది. తెరిచాను. వాన పడుతోంది. సముద్రం ఒడ్డున దీపస్తంభం దగ్గర ఒక ముసలాయన నిలబడి, "కింద ఒక గది ఉంది. ఇదిగో తాళంచెవి. తెరుస్తావా?" అన్నాడు. కింద రెండు బొత్తాలు. ఒకటి "తెరుస్తాను", ఒకటి "వద్దు". నేను "వద్దు" నొక్కి, ఫోను బోర్లించి పక్కన పెట్టి కూర్చున్నాను. ఎంతసేపటికీ పిలుపు లేదు. తిప్పి చూస్తే, "తాత వెళ్లిపోయాడు. కథ సమాప్తం" అని ఉంది.

ఇదేం కథ బాబూ? నా చేతిలో టీ ఇంకా చల్లారలేదు.

ఇట్లు,
పాపాయమ్మ

తా.క. ఉత్తరం హిమబిందు చేతికే ఇచ్చాను. కాస్త వాసన వస్తే అది నాది కాదు, కోనాం చేపది.


కెరటం కథల ఆటలు,
సీతమ్మధార.

గౌరవనీయులైన పాపాయమ్మ గారికి నమస్కారాలు.

మా ఆట ఆడినందుకు కృతజ్ఞతలు. ఇది కథే ప్రధానమైన ఆట. గెలుపోటములు ఉండవు. కథలో మనిషి మీరే, మీరు ఏది నొక్కితే కథ ఆ దారిన పోతుంది. మీరు వద్దన్నారు కాబట్టి అక్కడితో ఆగింది.

చీకటి గది అనేసరికి భయపడి ఉంటారని గ్రహించాను. లోపల దెయ్యాలేవీ లేవు. ధైర్యంగా "తెరుస్తాను" నొక్కండి.

భవదీయుడు,
గోపి, కథా రచయిత

తా.క. వాసన గురించి చింతించకండి. మా ఆఫీసు పిల్లి మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.


పెదజాలరిపేట,
బుధవారం.

గోపి బాబుకి, పాపాయమ్మ కొంచెం కోపంగానే రాయునది.

నేను భయపడ్డానా? చేపల వేటకెళ్లిన మనిషి కోసం తుఫానులో ఒడ్డున నిలబడ్డదాన్ని, మీ బొమ్మ గదికి భయపడతానా? పైగా దెయ్యాలు లేవని ముందే చెప్పేసి ఉన్న కాస్త రుచీ పోగొట్టారు.

మీ మాట తప్పేమో చూద్దామని ఆట మా వాళ్లందరికీ చూపించాను. మా పక్కింటి వరహాలమ్మ ఆడింది, ఆవిడ కోడలు ఆడింది, ఒడ్డున ఎండు చేపలు ఆరబెట్టే ఆడవాళ్లంతా తలో ఫోనులో పెట్టుకుని ఆడారు. అందరూ "వద్దు" నొక్కారు. అందరికీ సమాప్తమే. వరహాలమ్మ ఫోను పట్టుకుని, "ఏటే, ఆ ముసిలోడు నిజంగానే ఎల్లిపోతన్నాడు, ఎనక్కి సూడడేటి?" అని బాధపడింది. అంత పౌరుషం పనికిరాదని మీ తాతకి చెప్పండి.

పాపాయమ్మ

తా.క. పిల్లికి చేప తలకాయలు పంపాను. అది చదువుకున్నది కాబట్టి.


సీతమ్మధార,
గురువారం.

పాపాయమ్మ గారికి,

పేటంతా ఆడారని రాసి నా గుండె ఆపేశారు. ఎవరు ఎంతసేపు ఆడారో ఇక్కడ తెరమీద కనిపిస్తుంది. మా యజమాని శ్రీరామ్మూర్తి గారు అది చూసి, తెలుగు కథ దగ్గర అరనిమిషం కూడా ఎవరూ నిలవడం లేదన్నారు. సోమవారంలోగా మార్పు లేకపోతే కథల విభాగం మూసేసి, నన్ను తెరమీద పుచ్చకాయలు పగలగొట్టే ఆటకి వేస్తారట. రెండేళ్లుగా ఆ గదిలో ఏముందో రాస్తున్నానండీ. ఒక్కరూ లోపలికి రాలేదు.

తాత మరీ పిసినారిగా కనిపించాడేమోనని రాత్రే మార్చాను. ఇప్పుడు మీరు అడక్కుండానే తాళంచెవితో పాటు లాంతరు, గొడుగు, వేడి టీ కూడా ఇస్తాడు. దయచేసి అందరూ "తెరుస్తాను" నొక్కండి.

గోపి


పెదజాలరిపేట,
శుక్రవారం.

గోపి నాయనా,

కొంప ముంచావు. మళ్లీ అందరూ "వద్దు" నొక్కారు. వరహాలమ్మయితే, "కుల్లిన సేపనే అలాగ ఎగేసుకుని ఇచ్చెస్తారు. ఆ గదిలో ఏదో ఉంది" అని ఫోను దూరంగా పెట్టేసింది.

నీకెవరూ చెప్పలేదా? నా గంప దగ్గరికి వచ్చిన ఏ ఇల్లాలైనా ముందు "వద్దు" అంటుంది. అని నాలుగడుగులు వేస్తుంది, నెమ్మదిగా, చెవి ఇటే పెట్టి. నేను పిలుస్తాను. ఆవిడ వస్తుంది. పిలవకపోతే నాకు ఆవిడంటే లెక్క లేదని. అడగ్గానే సరే అంటే ఆవిడకి బుద్ధి లేదని. వద్దు అన్నాకే కదా మాట మొదలయ్యేది. మీ తాత అక్కడే లేచిపోతున్నాడు.

ఆ గదిలో ఏముందో తెలియక నాకు అన్నం సయించడం లేదు. అయినా పిలవందే ఎలా వెళ్లను? పరువు ఉండొద్దూ?

పాపాయమ్మ

తా.క. టీ ఇచ్చే బదులు ఆ ముసలాయన్ని రెండు మాటలు మాట్లాడించు. మాటలకేమీ డబ్బులు కావు.


సీతమ్మధార,
మంగళవారం.

పాపాయమ్మ అత్తకి గోపి నమస్కరించి రాయునది.

శని ఆదివారాలు కూర్చుని రాశాను. ఇప్పుడు "వద్దు" నొక్కితే తాత నాలుగడుగులు వేసి ఆగుతాడు. వెనక్కి వచ్చి గది గురించి కొంచెం చెబుతాడు. మళ్లీ వద్దంటే గొణుక్కుంటూ వెళ్లి, మళ్లీ వచ్చి ఇంకొంచెం చెబుతాడు. నేను రెండేళ్లు గదిలో దాచుకున్న కథంతా గుమ్మం దగ్గరే చెప్పించావు అత్తా.

సోమవారం మధ్యాహ్నం మీ పేటలో ఎవరూ ఫోను దించలేదు. శ్రీరామ్మూర్తి గారు తెర ముందు నిలబడి భోజనం మరిచిపోయారు. కథల విభాగం ఉంటుంది. నేనూ ఉంటాను. నీ మేలు మరిచిపోను.

ఇంకో మాట. శనివారాలు మా ఆఫీసుకు వచ్చి, మా కథల్లో మనుషులు ఎలా మాట్లాడాలో చెప్పాలట. జీతం ఉంటుంది. వస్తావా? వస్తాననో రాననో రాయి.

గోపి


పెదజాలరిపేట,
బుధవారం.

గోపి నాయనకి, పాపాయమ్మ మనసారా దీవించి రాయునది.

గది తెరిచాను. ఎన్ని వద్దులు అన్నానో నాకే తెలియదు. లోపల తాత తన చేత్తో కట్టుకుని, ఒక్కనాడూ నీళ్లలో దించని పడవ చూసి నాకు ఏడుపు ఆగలేదు. వరహాలమ్మ కళ్లు తుడుచుకుని, అంత పడవ ఆ గుమ్మంలోంచి బయటికెలా వస్తుందని అడిగింది. దానిమీద పేటలో రెండు పార్టీలయ్యాయి, సాయంత్రం దాకా ఎవరూ పొయ్యి వెలిగించలేదు. చాలా మంచి కథ రాశావు.

ఇక మీ ఆఫీసుకు రమ్మన్న సంగతి. వద్దు.

ఇట్లు,
పాపాయమ్మ

తా.క. హిమబిందు ఈ ఉత్తరం నీ చేతిలో పెట్టేసరికి నేను మీ వీధిలోనే ఉంటాను. గంప నెత్తిన పెట్టుకుని, నెమ్మదిగా నడుస్తుంటాను. కిటికీ తెరిచి పిలువు.