దించిన శ్రుతి

చాంగ్‌షు,
నవంబరు 19, బుధవారం.

చిరంజీవి యీలాన్‌ను గురువు వెన్ షౌచెంగ్ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. అలాగే రాశాననుకో. నిజం మాత్రం అది కాదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నువ్వు ఎత్తడం లేదు సరే, ఎత్తినా నా మాట నీకు వినపడదు. నా గొంతు నాకే వినపడటం లేదు.

కున్‌షాన్‌లో ఏదో టీ దుకాణంలో చేరావని మీ పిన్ని చెప్పింది. పాలూ తీపి ఉండలూ కలిపి అమ్మే టీ అట. ఇన్నేళ్ళు నా ముందు కూర్చుని శాన్‌షియెన్ మూడు తీగలతో కుస్తీ పట్టింది ఇందుకేనా అని ఒళ్ళు మండింది. ఆ పైన ఇంకో మాట చెప్పింది. గురువుగారి గొంతు నా వల్లే పోయింది పిన్నీ, ఇక జన్మలో తీగ ముట్టను అని ఏడ్చావట. అది విన్నాక కోపం పోయి దిగులు పట్టుకుంది.

ఆ రోజు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మేము కథ పాడే టీశాలకు అందరికంటే ముందు వచ్చావు. వేదిక మీద నా శాన్‌షియెన్, మీ గురువమ్మ నాలుగు తీగల పిపా ఉన్నాయి. మీటి చూస్తే రెండూ బాగా దిగిపోయి ఉన్నాయి. వారం నుంచి పట్టిన ముసురుకు తీగలు సడలాయనుకున్నావు. ఫోనులో శ్రుతి చూపే సూది చూసుకుంటూ బిరడలు తిప్పి రెండిటినీ అసలు శ్రుతికి బిగించావు. శ్రద్ధగల శిష్యురాలు ఎవరైనా అదే చేస్తుంది.

కథ మొదలుపెట్టడానికి నేను బల్ల మీద చెక్క కొట్టే వేళకు గురువమ్మ వచ్చి కూర్చుంది. పిపా మీద వేలు వేయగానే ఆవిడ ముఖం పాలిపోయింది. జనం ముందు మళ్ళీ దించడానికి వీల్లేదు. తల్లి ఏటి ఒడ్డున నిలబడి కొడుకును పిలిచే ఘట్టం వచ్చింది. పైకి వెళ్ళాల్సిన చోట నా గొంతు పాత గుడ్డలా చిరిగింది. ముందు వరసలో పుచ్చగింజలు కొరికే చప్పుడు కూడా ఆగిపోయింది. తర్వాత తెర వెనక ఆవిడ నీ చెయ్యి విదిలించి కొట్టి, నా బిరడలు ముట్టుకోమని ఎవరు చెప్పారే, ఇంక నా కళ్ళబడకు అన్నది.

ఎందుకంత మాట అన్నదో చెబుతాను. నా గొంతు తగ్గుతున్నకొద్దీ, నాకు చెప్పకుండా, ఆవిడ కొన్నేళ్ళుగా శ్రుతి దించుతూ వస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా వాద్యానికి కూడా శ్రుతి చేసేది ఆవిడే కనక వీలయింది. ఏ ఏటికాయేడు వెంట్రుకవాసి దించేది. నేను పాడి దిగగానే, చూశారా, మీ గొంతు చెక్కుచెదరలేదు అనేది. నాకేమీ తెలియదని ఇప్పటికీ ఆవిడ నమ్మకం. పిచ్చిది. వేలి కింద తీగ ఉడికిన సేమియాలా మెత్తబడితే వాయించేవాడికి తెలియదా? తెలిసీ తెలియనట్టే ఉన్నాను.

ఇప్పుడు ఇల్లు ఇల్లులా లేదు. డాక్టరు చూసి, గొంతు అరిగిపోయింది తాతగారూ, పాట మానేసి హాయిగా చేపలు పట్టుకోండి అన్నాడు. ఈవిడ మాత్రం రోజూ బేరిపండు పటికబెల్లంతో ఉడికించి నా ముందు పెడుతుంది. వద్దంటే, పాడకపోతే మానె, నన్ను తిట్టడానికైనా గొంతుండాలిగా, తాగండి అంటుంది. పిపాను సంచిలోంచి తీయడం లేదు. మీటేటప్పుడు వేళ్ళకు అంటించుకునే గోళ్ళు డబ్బాతో సహా పక్కింటి పిల్లకు ఆడుకోవడానికి ఇచ్చేసింది. నీ పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నీ మీద కోపం అనుకోకు. నిన్ను కొట్టానే అని కుమిలిపోతోంది, పైకి చెప్పదు.

టీశాల యజమాని కొత్త సంవత్సరం దాకా ఆగుతానన్నాడు. ఆ పైన మా వేదిక పీకేసి మాజాంగ్ ఆటకు బల్లలు వేస్తాడట. ఏం చేయమంటారు మాస్టారూ, ఆడేవాళ్ళు టీ ఎక్కువ తాగుతారు అని నాతోనే అన్నాడు.

నా పాట అయిపోయింది. ఆవిడ చేతులకు ఇంకా ఏమీ కాలేదు. కానీ ఒంటరిగా వేదిక ఎక్కదు, కొత్తవాళ్ళ పక్కన అసలే కూర్చోదు. నువ్వు వచ్చి నా కుర్చీలో కూర్చోవాలి. క్షమించమని ఏడుస్తూ రావద్దు, ఏడుపు ఇక్కడ కావలసినంత ఉంది. గుమ్మంలో ఆవిడ ముఖం తిప్పుకుంటే, నువ్వు పట్టించుకోకుండా లోపలికి వచ్చి శాన్‌షియెన్ అందుకో. ఆ మాత్రం మొండితనం నీకుందని నేను ఎరుగుదును.

నీ రాక కోసం చూసే,
మీ గురువు.

తా.క. కవరు అంటించాక మళ్ళీ విప్పాను. ఆ రోజు నేను తెర వెనకే ఉన్నాను. నా పొడుగు అంగీ బొత్తాలు పెట్టుకుంటూ, నువ్వు బిరడలు తిప్పడం చూశాను. వద్దని ఒక్క మాట అంటే ఆపేదానివి. అనలేదు. నా గొంతు కోసం తీగలు సడలించి సడలించి ఆవిడ తన పిపా ప్రాణం తీసేసుకుంది. ముందు వరసలో కూర్చునే హువా ముసలాయన, ఏమమ్మా, చేతిలో పస తగ్గింది, పిపా వాయిస్తున్నావా దుప్పట్లు దులుపుతున్నావా అంటే, వయసండీ అని నవ్వేసేది. నేను పక్కనే ఉండి విని ఊరుకునేవాణ్ణి. ఆ రోజు నువ్వు బిగించిన పిపా తీగను సరిచూడటానికి ఒకసారి మీటావు. పెళ్ళికి ముందు నేను విన్న పిపా అది. పాడితే గొంతు పగులుతుందని తెలిసే వేదిక ఎక్కాను. పగిలేదాకా విన్నాను. ఈ సంగతి ఆవిడకు చెప్పకు. నువ్వు వచ్చిన రోజు, ఆవిడ చూడకుండా, ఆ తీగల్ని మళ్ళీ అలాగే బిగించు.