అమ్మ నంబరు ఎవరికీ చెప్పలేదు

నాన్నగారికి నమస్కారాలు. నేను కులాసా.

అమ్మ బ్యాంకు కార్డు దొంగిలించి దుకాణాల్లో వాడినవాడికి రహస్య నంబరు అమ్మే చెప్పి ఉంటుందని బ్యాంకువాళ్లంటే మనమూ నమ్మాం. పొరబడ్డాం. దొంగిలించిన కార్డుకు చిన్న పరికరం తగిలిస్తే ఏ నంబరు నొక్కినా దుకాణంలో డబ్బు కట్టే మిషను ఒప్పుకుంటుందని మా ప్రొఫెసరు మేడం కనిపెట్టారు. నిన్న మా ల్యాబులో బ్యాంకు పెద్దాయన చేతే నాలుగు సున్నాలు నొక్కించి చూపించారు. మిషను ఒప్పేసుకుంది.

"దీన్ని అచ్చు వేయకండి మేడం" అని ఆయన బతిమాలారు.

"ఆర్నెల్ల కిందటే మీకు రాశాను. మీరు సరిచేయకుండా జనాన్నే తప్పుపట్టారు. రేపు అచ్చవుతుంది" అన్నారావిడ, గొంతు పెంచకుండానే. అలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు గర్వంగా ఉంది.

అమ్మకు బ్యాంకు రాసిన జవాబు వెంటనే పంపండి, మేడం అడిగారు. మీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లికి ముద్దులు.

కవరు ఉన్నా కావాలనే పోస్టుకార్డు రాశాను. అమ్మ తప్పేమీ లేదని దారిలో ఎవరు చదివినా మంచిదే.

మీ పెద్దమ్మాయి