మరదలి సూది మందు ఆపిన తమ్ముడికి

తమ్ముడూ, నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు ఫోనెత్తవు గనక కార్డు రాస్తున్నాను, పోస్ట్‌మాన్ చదివితే చదవనీ. నిన్న నీ పెళ్ళాం స్నానాల గదిలో కుళాయి తిప్పి పెట్టి, ఫోన్లో నా దగ్గర ఏడ్చింది. "సన్నబడ్డావుగా, ఇంకెందుకు?" అని బరువు తగ్గే సూది మందు నువ్వే మాన్పించావట. మళ్ళీ ఒళ్ళు చేసేసరికి చుట్టాల ముందు కంచం లాగేశావట. "ఆకలి ఆగట్లేదు వదినా, నేను తిండిపోతునా?" అంది. సిగ్గులేదురా నీకు? ఆ ఆకలిని ఆపింది మందేగా! మానేస్తే బరువు మళ్ళీ పెరుగుతుందని డాక్టరు ముందే చెప్పాడుగా! బీపీ తగ్గిందని నీ మాత్ర మానేశావా నువ్వు? కార్డు అందగానే ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. పాపకి జ్వరం తగ్గిందా? దానికి ముద్దులు, మరదలికి ఆశీస్సులు. నీకు మాత్రం, ఆ చుట్టాల ముందే ఆమెకి నీ చేత్తో వడ్డించాకే ఆశీస్సులు.

మీ అక్క