వేల్పూర్ పసుపు కలిపిన సున్నిపిండి

బోధన్,
ఆదివారం మధ్యాహ్నం.

మా పద్మక్కకి,

లలిత నమస్కరించి రాస్తున్నది. నీ మోకాలు ఎలా ఉంది? బావగారి షుగరు అదుపులో ఉందా? పిన్ని కంటి ఆపరేషన్ తర్వాత పేపరు చదవగలుగుతోందా? ఫోన్లో అడిగితే "అంతా బాగే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను, వీలు చూసుకుని కాగితం మీదే జవాబు రాయి. మేమిద్దరం బాగున్నాం. నిజంగానే బాగున్నాం, నా మీద బెంగ పెట్టుకోకు.

ఈ ఉత్తరాన్ని బస్సు పార్సిల్లో డబ్బాల పైన పెట్టాను. డబ్బాలు విప్పేముందే చదువు. నీ సంగతి నాకు తెలుసు, ముందు సకినాల డబ్బా మూత తీసి, నములుతూ చదువుతావు. సరే, అలాగే కానీ. అవి బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపి చేత్తో చుట్టలు చుట్టినవి. మన చేగోడీలకి చుట్టాలనుకో, కానీ ఇంకా కరకరలాడతాయి. మొదట్లో నా చుట్టలు అష్టవంకర్లు తిరిగేవి. ఇప్పుడు చూడు, గుండ్రంగా ఉన్నాయో లేదో నువ్వే చెప్పు. పక్కన ఉన్న బెల్లం ఇక్కడి చెరకుది, అల్లం వేసి వండింది. భోజనం అయ్యాక చిన్న ముక్క నోట్లో వేసుకో. బావగారికి మాత్రం కనపడనీకు.

చిన్న సీసాలో ఉన్నది వట్టివేరు అత్తరు. పాత బజారులో తాతల కాలం నుంచీ అత్తరు అమ్ముతున్న కుటుంబం ఉంది, ఆ దుకాణంలో కొన్నాను. నేను చీర కొంగుకి రాసుకోబోతే ఆ పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "బట్టకు గాదమ్మా, చెవి ఎన్క జర పెట్టుకో. ఎండకాలం తలకాయ సల్లగుంటది," అన్నాడు. చుక్క చాలు, సాయంత్రం దాకా ఉంటుంది. నువ్వు వాడే ఆ డబ్బా స్ప్రే కన్నా వెయ్యి రెట్లు నయం, నా మాట నమ్ము.

ఇక సున్నిపిండి సంగతి. ఇది చెప్పడానికే అసలు ఉత్తరం మొదలుపెట్టాను.

ఆయనకి ఇక్కడి రైస్ మిల్లులో పని కుదిరి తెనాలి వదిలి వచ్చామా, వచ్చిన కొత్తలో నాకు మధ్యాహ్నాలు గడిచేవి కావు. ఆయన మిల్లుకి వెళ్ళాక ఇంట్లో గోడ గడియారం, నేను. వీధిలో చెరకు లారీలు వెళుతుంటే వాటిని చూస్తూ కూర్చునేదాన్ని. పైగా చలి! ఉక్కపోతలో పుట్టిపెరిగిన మనకి తెలియని చలి. ఊళ్ళో అందరి ముఖాలూ తెల్లగా పగిలిపోయాయి. నాది పగల్లేదు. అది కనిపెట్టింది మౌనిక. ఇంటివాళ్ళ కోడలు, కింద వాటాలో ఉంటుంది. వీధివైపు గదిలో బ్యూటీ పార్లర్ పెట్టుకుంది.

ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "అక్కా, గింత చలిల నీ మొఖం గిట్ల నున్నగెట్లున్నది? ఏం క్రీము వెడ్తున్నవ్, మాకు చెప్పకుండ?" అంది.

"క్రీము లేదు, పాడూ లేదు. నువ్వులనూనె రాసుకుని సున్నిపిండితో రుద్దుకుంటాను."

"అంటే నలుగే గద! గదైతే మా అత్త గూడ చేస్తది."

వాళ్ళ అత్త నర్సవ్వది వేల్పూర్. అక్కడ తమ్ముడికి పసుపు చేలున్నాయి. మౌనిక పార్లర్‌కి రెండు అద్దాలు, ఒక కుర్చీ ఉన్నాయి గానీ మనుషులే లేరు. బస్టాండు దగ్గర పెద్ద పార్లర్‌కి పోతారు అందరూ. ఈ పెళ్ళిళ్ళ సీజను ఇలాగే పోతే ఆ గదిని మొబైల్ షాపుకి అద్దెకిచ్చేస్తానని మౌనిక మొగుడు చెప్పేశాడు. ఆ పిల్ల నాతో ఆ మాట నవ్వుతూనే చెప్పింది, కానీ చెబుతూ కుర్చీ చెయ్యిని గుడ్డతో తుడుస్తూనే ఉంది. అప్పుడే నేను అన్నాను, "పెద్ద పార్లర్‌లో దొరకనిది నీ దగ్గర ఉండాలి. సున్నిపిండి నేను చేసిస్తాను."

నా కొలతలు నీకు తెలుసుగా. పెసలు, శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు, కస్తూరి పసుపు. ఏది ఎన్ని గరిటెలో మా అత్తగారు నేర్పినప్పటి నుంచీ ఒక్క గరిటె మార్చలేదు. ఇక్కడ కస్తూరి పసుపు మాత్రం దొరకలేదు. నర్సవ్వ వెంటనే తన డబ్బా తెచ్చింది.

"గిది మా తమ్ముని చేన్ల పంట. మొన్ననే ఉడకవెట్టి, ఎండవెట్టి పట్టించిండు. మీ దిక్కు గిసుంటి పసుపు సూసినవా?"

"మేం పుట్టింది దుగ్గిరాల పక్కనే నర్సవ్వా. పసుపు చూసే పెరిగాం," అన్నాను.

"సూసుడు కాదు, గిది వాసన సూడు!"

చూశాను. నిజం చెప్పొద్దూ, అక్కా, మన పసుపుకి నేను అన్యాయం చేయను కానీ, ఆ డబ్బా మూత తీస్తే గదంతా నిండింది. మురిసిపోయి, కస్తూరి పసుపు ఎంత వేస్తానో అదీ అంతే వేసేశాను. కస్తూరి పసుపులా కాక వంట పసుపు రంగు అంటుకుంటుందని చిన్నపిల్లకైనా తెలుసు. ఆ మురిపెంలో నాకు తట్టలేదు.

మొదటి కస్టమరు స్వాతి అని, బడిలో టీచరు. మర్నాడు సాయంత్రం నిజామాబాద్ నుంచి పెళ్ళిచూపులకి వస్తున్నారు. మౌనిక పార్లర్ పద్ధతిలో ఆ పిండిని పాలతో కలిపి, ముఖానికి, మెడకి మందంగా పట్టించి, ఆరేదాకా ఉంచింది. నూనె రాయలేదు. సున్నిపిండిని ఎండనివ్వకూడదని నేనూ చెప్పలేదు, మనింట్లో ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు మరి. పార్లర్ లైటు కింద పిల్ల బంగారుబొమ్మలా మెరిసిందట. తెల్లారి ఎండలో చూస్తే అచ్చం గుమ్మడిపువ్వు!

పొద్దున్నే వాళ్ళమ్మ సావిత్రమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. వీధి వీధంతా వినపడింది.

"మౌనికా! నా బిడ్డ పార్లర్‌కు వొయ్యిందా, కామెర్లు తెచ్చుకోను వొయ్యిందా? మాపటికి సూడనీకి వస్తున్నరు. గీ మొఖం ఎట్ల సూపెట్టాలె నేను?"

మౌనిక గబగబా స్వాతిని కుర్చీలో కూర్చోబెట్టింది. వాళ్ళాయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురింటివాళ్ళు అప్పటికే అరుగుల మీదికి వచ్చారు. ఆ పిల్ల ఆ ముఖంతోనే తిరిగి ఇంటికి వెళ్ళిందంటే, ఆ కుర్చీలో ఇంకెవ్వరూ కూర్చోరు. ఆ సంగతి అందరికీ తెలుసు.

నేను మెట్లు దిగి వచ్చి, "పిండి నాది. పసుపు ఎక్కువ పడింది. సాయంత్రానికి నేను తీసేస్తాను, మీరు కూర్చోండి," అన్నాను.

"తియ్యకుంటే?"

"తీస్తాను."

నువ్వులనూనె గోరువెచ్చగా చేసి, దూదితో నెమ్మదిగా అద్ది, తుడిచాను. రుద్దితే చర్మం కందుతుంది, పసుపు పోదు. తర్వాత శనగపిండి, పెరుగు. మళ్ళీ నూనె. ఒక్కో దూదికీ పచ్చదనం దిగుతుంటే మౌనిక మొహంలోకి రంగు ఎక్కుతోంది. స్వాతికి మాత్రం ఏ బెంగా లేదు. ఫోను చూసుకుని ముసిముసిగా నవ్వుతోంది. అడిగితే నా చెవిలో చెప్పింది, చూడడానికి వస్తున్న అబ్బాయితో నెల రోజుల నుంచీ మాట్లాడుతోందట! పచ్చటి ముఖం ఫోటో కూడా తనే పంపిందట. "హల్దీ ఇప్పుడే అయిపాయెనా, నన్ను పిలువలే?" అని అతను రాశాడట. వాళ్ళమ్మకి చెప్పొద్దని నా చెయ్యి నొక్కింది.

సావిత్రమ్మ ఊరికే కూర్చుంటే ఇంకా కోపం పెరుగుతుందని, టీ, వేడివేడి సర్వపిండి పెట్టాను. గిన్నెలో బియ్యప్పిండి తట్టి, పల్లీలు, నువ్వులు వేసి కాలుస్తారు. నీకు ఇది పార్సిల్లో పంపలేను, వస్తే చేసి పెడతాను.

ఒక ముక్క తుంచి, "ఎవలు చేసిండ్రు?" అంది.

"నేనే."

"గుంటూరోళ్ళకు సర్వపిండి వస్తదా?" ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. "ఎల్లిపాయ జర తక్కువైంది. మంచిగనే ఉన్నది గని."

మధ్యాహ్నం దాటేసరికి పిల్లని గుమ్మంలో ఎండలో నిలబెట్టాం. పసుపు ఛాయ పోయింది. నూనెకి చర్మం నిగనిగలాడుతోంది. సావిత్రమ్మ కూతురి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకుపోయింది. పెళ్ళిచూపులు ఏమయ్యాయో తెలియక ఆ రెండు రోజులూ నేనూ మౌనికా వీధి వైపే చూస్తూ కూర్చున్నాం.

మూడోనాడు మళ్ళీ వచ్చింది. సంబంధం ఖాయమైందట. స్వాతి పెళ్ళికి ముస్తాబు మౌనికే చెయ్యాలంది, పెళ్ళికూతురితో పాటు తన తోడికోడళ్ళకి, మరదళ్ళకి కూడా. మౌనిక మొగుడు మొబైల్ షాపు మాట మళ్ళీ ఎత్తలేదు. అద్దం పైన పగటి వెలుతురు ఇచ్చే బల్బు తనే తెచ్చి బిగించాడు.

ఇక నీకు నా పనులు. తెనాలిలో మన పచారీ కొట్లో కస్తూరి పసుపు కొని పంపు, రోజూ వాడే పిండికి అదే ఉండాలి. నీకు పంపిన డబ్బాలో పసుపు బాగా తగ్గించి వేశాను, భయపడకు. ముందు నూనె, తర్వాత పిండి, తడి ఆరకముందే కడిగెయ్యి. పిన్నికి కూడా చెప్పు. ఆయన నీకూ బావగారికీ నమస్కారాలు చెప్పమన్నారు. మిల్లులో ఆయనకి పని బాగుంది, అన్నం వేళకి ఇంటికి వస్తున్నారు.

ఇంకొక్క మాట. గురువారం స్వాతికి నలుగు. ముత్తైదువల్లో మొదటి చెయ్యి నాదే ఉండాలని సావిత్రమ్మ పట్టుబట్టింది. "మీ చుట్టాల్లో పెద్దవాళ్ళు ఉంటారు కదండీ, నేనెందుకు?" అన్నాను.

"ఉంటరు. నూనె ఎప్పుడు వెట్టాలె, పిండి ఎప్పుడు తియ్యాలె, గది ఎవలకెరుక? నువ్వే మొదలువెట్టు. పసుపు మాత్రం తగ్గియ్యకు, నా బిడ్డ పెండ్లిపిల్ల, పచ్చగనే కనవడాలె!"

కాబట్టి అక్కా, గురువారం పొద్దున నువ్వు దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు, నాలుగు అక్షింతలు ఈ దిక్కుగా వెయ్యి. అమ్మ పెళ్ళినాటి నేత చీర కట్టుకుని వెళుతున్నాను.

నీ చెల్లెలు,
లలిత